చల్లారాక విరిగే ఉక్కు

ఉద్యోగం మానేశాక ఊరికే కూర్చోవడం అలవాటు చేసుకోమని అందరూ చెబుతున్నారు. నాకు అది చేతకావడం లేదు. జగదల్‌పూర్‌లో మా వీధి చివర ఒక వెల్డింగు దుకాణం ఉంది. అక్కడ ఇనుము మీద సుత్తి పడిన చప్పుడు వింటే చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వస్తాను. ఖంగుమని మోగితే సరే. బొంగురుగా పలికితే మాత్రం చెప్పులేసుకుని వెళ్ళి చూసి వస్తాను. ఆ దుకాణం అతనికి నేను విసుగైపోయాను. పాపం, మర్యాదకి ఏమీ అనడు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను చూసింది ఒకే ఒక వస్తువుని. వేడిని తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీలుని. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏ ఉక్కు ఎన్ని డిగ్రీలు ఓర్చుకుంటుందని అడుగుతారు. అంకె చెబితే రాసుకుని ఫోన్ పెట్టేస్తారు. ఆ తర్వాత నాకు మనసు మనసులో ఉండదు. ఆ అంకె వెనకాల చెప్పవలసింది చాలా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

బుట్ట కథ

మా నాన్న కిరండూల్ లైన్లో పట్టాలు కాచే గ్యాంగులో పనిచేసేవాడు. సొంతూరు శ్రీకాకుళం దగ్గర. నేను పుట్టి పెరిగింది రైల్వే క్వార్టర్లలో. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ, ఆదివారం చర్చిలో ఈ మూడూ కలిసిన పాటలు. మెటలర్జీలో డిప్లొమా చేసి ఒక ప్రైవేటు కార్ఖానాలో చేరాను. ఎవరికీ చెడ్డపేరు రాకూడదు కాబట్టి దాని పేరు రాయను. గనుల్లో రాళ్ళు నలగ్గొట్టే యంత్రాలకి దవడ పలకలు, గుండ్లు అక్కడ తయారయ్యేవి. వాటిని కొలిమిలో పెట్టి కొన్నింటిని గట్టిపరిచేవాళ్ళం, కొన్నింటిని మెత్తబరిచేవాళ్ళం.

బయటివాళ్ళు సరుకునే చూస్తారు. మా కళ్ళు మాత్రం సరుకుని మోసే బుట్ట మీద ఉండేవి. పలక జీవితంలో ఒక్కసారి కొలిమిలోకి వెళ్తుంది. బుట్ట రోజూ వెళ్ళాలి. ఎర్రగా కాలాలి, బరువు మొయ్యాలి, బయటికొచ్చి కొంచెం చల్లబడి మళ్ళీ లోపలికి దిగాలి. మామూలు ఇనుముతో చేస్తే కొన్నాళ్ళకే పెచ్చులు పెచ్చులుగా ఊడి చేతికొస్తుంది. అందుకే దానికి స్టెయిన్‌లెస్ వాడతారు. అందులోని క్రోమియం వేడికి పైకొచ్చి పల్చటి పొరలాగా కమ్ముకుంటుంది. ఆ పొర ఉన్నంతకాలం గాలి లోపలి ఉక్కుని తినలేదు. ఇక నికెల్ ఆ ఉక్కుకి సాగే గుణం ఇస్తుంది. ఈ రెండూ ఎంతెంత కలిశాయన్న దాన్నిబట్టి ఉక్కు రకం మారుతుంది.

వంటింటి గిన్నె కూడా స్టెయిన్‌లెస్సే కాబట్టి దాని గురించి తెలియనివాళ్ళు లేరు. అందరికీ తెలుసన్న ఆ ధైర్యమే మా పనిలో పెద్ద ప్రమాదం.

నేను చేరిన కొత్తలో కొనుగోళ్ళు చూసే పెద్దాయన ఒకరుండేవారు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉండేది. కొత్త రేకు రాగానే అంటించి చూసేవారు. అంటకపోతే, "అసలైన మాల్, దించండి" అనేవారు. అలా దించిన ఒక లోడు రేకులతో, కొలిమిలో సరుకు పెట్టడానికి చేసిన పళ్ళాలు వారం తిరక్కుండానే అప్పడాల్లా ఉబ్బి చిట్లిపోయాయి. నికెల్ మిగుల్చుకోవడానికి మాంగనీసు ఎక్కువ కలిపిన చౌకరకం ఉక్కు అది. దానికీ అయస్కాంతం అంటదు. గ్రిల్లులకి, బల్లలకి బాగానే పనికొస్తుంది, కొలిమిలో నిలబడదు. ఇంత జరిగినా ఆయన అయస్కాంతాన్ని వదల్లేదు. తప్పు కొలిమిదే అన్నారు. నాకు ఆయన మీద కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. ఒక మనిషి ఒక్క పరీక్షని పట్టుకుని అంత నిశ్చింతగా ఎలా నిద్రపోగలడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సన్యాసిరావు గారు

నాకు పని నేర్పింది సన్యాసిరావు గారు. కొలిములన్నింటికీ ఆయనే పెద్ద. విజయనగరం వైపు మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఒకచోట నిలబడి మాట్లాడేవారు కాదు. ఏదైనా అడగాలంటే ఆయన పక్కనే నడుస్తూ అడగాలి.

చేరిన మొదటి నెలలో నేను గీసిన పళ్ళెం బొమ్మ చూసి నవ్వారు. కొలిమి గోడకీ పళ్ళేనికీ మధ్య సందు లేకుండా ముచ్చటగా గీశాను.

"ఏటమ్మా ఇది? పెట్టెలో సబ్బుబిళ్ళ అమర్చినట్టు అమర్చేసినావు. ఇది ఎర్రబడితే ఎటెల్తాది?"

"కొంచెం సాగుతుంది సార్. తెలుసు."

"కొంచెం కాదు. మామూలు ఇనుము కంటే ఇది ఇంకా బాగా సాగుతాది. సోటియ్యకపోతే అదే సూసుకుంటాది. ఈపు వంచీసి గోడ పడగొట్టేస్తాది."

మర్నాడు సామాన్ల గది వెనక్కి తీసుకెళ్ళి, మెలికలు తిరిగిన పాత పళ్ళేన్ని చూపించారు. తను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో గీసిందేనట. దాన్ని పారెయ్యకుండా కొత్తవాళ్ళకి చూపించడానికే ఉంచుకున్నారు. అలాంటి మనిషి.

మెత్తబరిచే కొలిములు మాకు రెండుండేవి. నేలలో బావుల్లా ఉంటాయి. సరుకు నింపిన బుట్టని క్రేనుతో పైనుంచి దించుతాం. లోపల వేడి ఏడువందల యాభై డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. బుట్ట పైఅంచుకి గంగాళానికి ఉన్నట్టే నాలుగు చెవులుంటాయి. క్రేను గొలుసుల కొక్కేలు ఆ చెవుల్లోనే తగిలిస్తాం. మొదట్లో ఆ చెవులు అందరూ వాడే మామూలు రకం స్టెయిన్‌లెస్‌తో చేసినవే. బరువుకి, వేడికి నెమ్మదిగా సాగేవి. గుండ్రటి చెవి కొన్ని నెలలకి కోడిగుడ్డులా అయ్యేది. రోజూ కాలి చల్లారడం వల్ల పైపొర రాలేది. అప్పుడు కోసేసి కొత్తవి అతికేవాళ్ళం. పని ఆగేది. యజమాని విసుక్కునేవాడు.

దానికి సన్యాసిరావు గారు ఒక దారి చూశారు. ఇరవై ఐదు పాళ్ళు క్రోమియం, ఇరవై పాళ్ళు నికెల్ ఉన్న పైరకం ఉక్కు తెప్పించారు. మా పనివాళ్ళు దాన్ని తీన్‌సౌ దస్, అంటే మూడువందల పది, అంటారు. వెయ్యి డిగ్రీలు దాటినా పెచ్చు ఊడని ఉక్కు అది. గట్టిపరిచే కొలిమిలో మేము ఎప్పటినుంచో వాడుతున్నదే. "అక్కడ అంత మంటకి నిలిసింది, ఇక్కడ ఈ సెగకి నిలవదేటి?" అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ కనిపించలేదు. రెండు కొలిముల బుట్టలకీ చెవులు మార్చారు.

ఏడాది దాటిపోయింది. చెవులు సాగలేదు, పొర రాలలేదు. యజమాని అందరి ముందూ ఆయన భుజం తట్టాడు.

ఖాళీ బుట్ట

ఆ చలికాలం మొదటి కొలిమిలో ఇటుకలు కదిలిపోయి మరమ్మతు అవసరమైంది. అంతవరకూ ఆ కొలిమి ఆరింది లేదు. బుట్ట పైకి తీసి, సరుకు మార్చి మళ్ళీ దించేలోపు చెవులు చెయ్యి తగిలించలేనంత వేడిగానే ఉండేవి. మరమ్మతు కోసం ఈసారి కొలిమి పూర్తిగా ఆపారు. బుట్టని పైకి తీసి, ఖాళీ చేసి కొలిమి పక్కన నేల మీద పెట్టారు. కొన్నాళ్ళు అక్కడే పూర్తిగా చల్లారింది.

ఒక పొద్దున దాన్ని పక్కకి జరపాల్సి వచ్చింది. మంచు దట్టంగా పట్టి షెడ్డులోపలికి కూడా వచ్చింది. గొలుసు తగిలించింది మడకం లచ్చయ్య. దోర్నపాల్ అవతల పల్లె అతనిది. దొర్లి మాట్లాడే కుటుంబం, తెలుగు కూడా ఇంటి భాషే. కాంట్రాక్టు మీద వచ్చినా బరువులెత్తే పనిలో అతన్ని మించినవాడు మా దగ్గర లేడు. బుట్ట ఊగకుండా చేత్తో పట్టుకుని నడిపిస్తున్నాడు. అంత దగ్గరగా ఎందుకు నడిచాడని తర్వాత చాలామంది అడిగారు. కొత్త యంత్రం ఒకటి తెచ్చి పెట్టి ఆ దారిని యజమానే ఇరుకు చేశాడు. మనిషి దూరంగా జరగడానికి చోటే లేదు.

నేను ల్యాబు గదిలో ఉన్నాను. పింగాణీ పళ్ళెం రాతి మీద పడినట్టు చప్పుడు. దాని వెనకాలే కేక.

నేను వెళ్ళేసరికి బుట్ట ఒక పక్కకి ఒరిగి పడి ఉంది. లచ్చయ్య ఎడమకాలు దాని అంచు కింద ఉంది. పక్కవాళ్ళు గడ్డపారలు వేసి ఎత్తుతున్నారు. అతనికి స్పృహ ఉంది. సన్యాసిరావు గారు నేల మీద కూర్చుని అతని తల ఒళ్ళో పెట్టుకున్నారు. లచ్చయ్య ఆయన చొక్కా పట్టుకుని ఒకటే మాట అంటున్నాడు:

"నేను గొలుసు తప్పుగ తగిలిచ్చిన్నా సారూ? తప్పుగ తగిలిచ్చిన్నా?"

ఆసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు.

విరిగిన చోటు చెప్పింది

ఒక చెవి విరిగింది, ఆ కుదుపుకి దాని పక్కది కూడా విరిగింది. ముక్కలు ఏరి ల్యాబుకి తెచ్చాను. మంచి ఉక్కు విరిగే ముందు సాగుతుంది, సన్నబడుతుంది, విరిగిన అంచు పీచుగా ఉంటుంది. ఇక్కడ సాగిన జాడే లేదు. విరిగిన ముఖం పటికబెల్లం ముక్కలా గరుకుగా మెరుస్తోంది. రెండు ముక్కలూ కలిపిపెడితే గీత కూడా కనిపించకుండా అతుక్కున్నాయి.

నునుపు చేసి, ఆమ్లం రాసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఉక్కు లోపల రేణువులు పలకలు పరిచినట్టుంటాయి. వాటి సందుల నిండా ఏదో పేరుకుని ఉంది. దానికి సిగ్మా అని పేరుందని, ఎప్పుడో చదువుకునే రోజుల్లో పాఠంలో రెండు వాక్యాలున్నాయి. క్రోమియం ఎక్కువున్న ఉక్కుని ఆరువందల యాభై నుంచి తొమ్మిదివందల డిగ్రీల మధ్య నెలల తరబడి ఉంచితే, క్రోమియం, ఇనుము కలిసి గాజులాంటి గట్టి పదార్థంగా మారతాయి. వేడిగా ఉన్నంతసేపు ఉక్కు బాగానే ఉన్నట్టుంటుంది. చల్లారితే పెంకే. అంతకంటే పైవేడిలో ఆ పదార్థం పుట్టదు. అందుకే గట్టిపరిచే కొలిమిలో అదే ఉక్కు ఏ లోపం లేకుండా నిలిచింది. ఎక్కువ వేడికి సరిపోయింది కదా, తక్కువ వేడికి సరిపోదా అన్నాం. ఉక్కు విషయంలో ఆ లెక్క తప్పింది.

సన్యాసిరావు గారికి చెప్పాను. ఆయన మొదటిసారి నడవడం ఆపి నిలబడ్డారు.

"ఎర్రగా ఉన్నప్పుడు నిండు బుట్టని మోసింది. సల్లగా ఉన్నప్పుడు ఖాళీ బుట్టని మొయ్యలేదా? ఎవరైనా నమ్ముతారేటమ్మా?"

"నమ్మరు సార్. కానీ ముక్క అదే చెబుతోంది."

"ముక్క కాదు. నువ్వు చెబుతున్నావు. ఆ ఉక్కు నేను ఏరింది. నీకు తెలుసు గదా."

తెలుసు. అదే నాకు నిద్ర లేకుండా చేసింది. బడిలో దిద్దించిన మాస్టారి తప్పు పట్టుకున్నట్టుంది. లచ్చయ్య చొక్కా పట్టుకుని అడిగిన మాట ఇంకోవైపు. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగేది కాదు. లేచి పెరట్లో తిరిగేదాన్ని.

యజమానికి ఇవేమీ పట్టలేదు. విచారణ కమిటీ కూర్చుంటుందని తెలిసి నన్ను పిలిచాడు. "దీదీ, రోజూ టన్నులు ఎత్తిన బుట్ట అది. ఆరోజు ఖాళీగా ఉంది. అంటే తగిలించడంలోనే గల్తీ. మీరు ఉక్కు అచ్ఛా అని చెప్పండి, బాత్ ఖతం."

"ఉక్కు బాగాలేదు సాబ్."

"సన్యాసిరావు బాగుందంటున్నాడు. ఆయన కంటే మీకు ఎక్కువ తెలుసా?"

బయటికొచ్చేశాను. చేయగలిగింది చూపించడమొక్కటే అనిపించింది.

పెరట్లో పరీక్ష

పడిపోయిన బుట్టకి ఇంకా రెండు చెవులు మిగిలున్నాయి. వాటిని కోయించి షెడ్డు వెనక పెరట్లో దిమ్మ మీద పెట్టించాను. సన్యాసిరావు గారిని రమ్మన్నాను. వస్తారనుకోలేదు, వచ్చారు. పనివాళ్ళు చాలామంది గుమిగూడారు. వాళ్ళలో లచ్చయ్య భార్య తమ్ముడు దేవయ్య కూడా ఉన్నాడు. బావ తప్పు చేశాడని షెడ్డులో అందరూ అనుకోవడం విని విని మొహం మాడ్చుకుని ఉన్నాడు.

ఒక చెవి మీద నేనే సుత్తితో కొట్టాను. పెద్ద దెబ్బేం కాదు. రెండు ముక్కలై ఎగిరింది. ఎవరో "అరె బాప్‌రే" అన్నారు.

సన్యాసిరావు గారు ముక్క చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "ఇదొక్కటీ సాలదు," అన్నారు. "పుట్టుకతోనే సెడ్డ ఉక్కేమో. అమ్మినోడు మోసం సేసినాడేమో. నువ్వన్నదే నిజమైతే దీన్ని మళ్ళీ బాగుసేసి సూపించు. అప్పుడు ఒప్పుకుంటాను."

ఇలాంటి సమయంలో కూడా ఆయన సరైన ప్రశ్నే అడిగారు. నాకు ఆయన మీద ఉన్న గౌరవం ఆ క్షణంలో ఇంకా పెరిగింది. సిగ్మాని కరిగించవచ్చు. వెయ్యి డిగ్రీలు దాటించి కాసేపు ఉంచి, ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే అది పోయి ఉక్కు మళ్ళీ మెత్తబడాలి. చదివిన మాట అది, నేనెప్పుడూ చేసి చూడలేదు.

రెండో చెవిని గట్టిపరిచే కొలిమిలో పెట్టించాను. ఆయన కొలిమి ముందు అటూ ఇటూ తిరుగుతున్నారు. నేను ఇంకోవైపు తిరుగుతున్నాను. బాగా కాలాక తీయించి నీళ్ళ తొట్లో వేయించాను. తొట్టి అంతా బుసకొట్టింది. చల్లబడ్డాక దిమ్మ మీద పెట్టి సుత్తి ఆయన చేతికిచ్చాను.

కొట్టారు. వంగింది. మళ్ళీ కొట్టారు, ఇంకా వంగింది. ఆయన ఆపలేదు. చెవి మడత పడి దిమ్మకి అంటుకునేదాకా కొడుతూనే ఉన్నారు. విరగలేదు.

సుత్తి కిందపెట్టి, చొక్కా చేతితో మొహం తుడుచుకున్నారు. దేవయ్య వైపు తిరిగి, "మీ బావ తప్పేటీ లేదురా. ఉక్కు నాది," అన్నారు.

మర్నాడు కమిటీ ముందు కూడా అదే చెప్పారు. యజమాని పళ్ళు నూరుకున్నాడు. మొదటి కొలిమి బుట్టకి చెవులు మార్చమన్నాడు. రెండో కొలిమి మాత్రం చేతిలో ఉన్న ఆర్డరు పూర్తయ్యేదాకా నడవాల్సిందే అన్నాడు. "వేడిగా ఉంటే విరగదని మీరే కదా చెప్పారు? ఆర్పకుండా నడపండి."

శాస్త్రం ప్రకారం అతను అన్నది తప్పు కాదు. సన్యాసిరావు గారు ఒప్పుకున్నారు. నేను కూడా వాదించలేదు. మనసుకి మాత్రం ఆ ఒప్పందం నచ్చలేదు.

దోర్నపాల్ అవతల

లచ్చయ్య ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళాక, అతన్ని చూడాలని సన్యాసిరావు గారు బయల్దేరారు. నన్ను తోడు రమ్మన్నారు. చీకటితోనే జీపులో కూర్చున్నాం. దోర్నపాల్ సంత దాటాక రోడ్డు వదిలి మట్టిదారిలో చాలా దూరం వెళ్ళాలి.

లచ్చయ్య పందిరి కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. సన్యాసిరావు గారు భుజం పట్టి కూర్చోబెట్టి, తను నేల మీదే కూర్చున్నారు. లచ్చయ్య భార్య నాగమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చి గడప దగ్గర నిలబడింది.

"లచ్చయ్యా, నువ్వు గొలుసు సరిగ్గానే తగిలించినావు. ఆ ఉక్కు సెడిపోయి ఉంది. ఆ రకం తెప్పించింది నేను."

లచ్చయ్య నన్ను చూసి అడిగాడు.

"నిజమేనా మేడం? లేక నా మనసు కోసరం జెప్తుండ్రా?"

"నిజం లచ్చయ్యా. దేవయ్య ముందే కొట్టి చూపించాం."

"రోజు గదే అనుకుంటున్న. కొక్కెం లోపలికి పోయిందా, అంచుకే ఆగిందా అని. కండ్లు మూస్తె గదే వస్తుండె." కన్నీళ్ళు తుడుచుకోకుండా అలాగే కూర్చున్నాడు. కాసేపటికి తేరుకుని అడిగాడు: "మరి రెండో కొలిమి బుట్టకు గూడ గవే చెవులు గదా సారూ? తీసిండ్రా?"

సన్యాసిరావు గారు తల దించుకున్నారు. "ఇంకా లేదు. అది వేడిగానే నడుస్తంది. వేడిగా ఉంటే విరగదు."

"ఆడ ఇప్పుడు ఎవలుండ్రు?"

ఆ ప్రశ్నకి జవాబు నాగమ్మ చెప్పింది, గడప దగ్గర నుంచే. "ఎవలుంటరు? నా తమ్ముడే. నీ జాగల ఆణ్ణే నిలవెట్టిండ్రంట." తర్వాత మావైపు తిరిగింది. "ఏంది సారూ, ఇరుగుతదని ఎరికై గూడ ఆణ్ణి దాని కింద నిలవెడ్తరా?"

ఆమె గట్టిగా కూడా అనలేదు. సన్యాసిరావు గారు లేచి నిలబడ్డారు. చేతులు జోడించబోయి మానేశారు. "ఎల్దాం పదమ్మా," అని జీపు వైపు నడిచారు. నాగమ్మ అప్పటికే పొయ్యి మీద ఎసరు పెట్టి ఉంచింది. మేము భోజనానికి ఆగలేదు.

తిరుగు దారిలో డ్రైవరుని వేగంగా పొమ్మని మళ్ళీ మళ్ళీ తొందర పెట్టారు. ఘాట్ రోడ్డులో ముందు లారీ అడ్డమైతే ఆయన కాళ్ళు నేలకేసి కొట్టుకున్నారు. మధ్యాహ్నం షిఫ్టు నడుస్తుండగా కార్ఖానాకి చేరాం. ఇంటికి వెళ్ళకుండా నేరుగా షెడ్డులోకి నడిచారు.

బుట్ట ఎర్రగా కాలుతూ అప్పుడే కొలిమి పైకి వస్తోంది. దేవయ్య పక్కనే ఉన్నాడు.

"దించేయండి. పక్కన నేల మీద దించేయండి. అందరూ అవతలికి పొండి."

దించారు. బర్నర్లు ఆపించారు. యజమానికి కబురెళ్ళింది. అతను వచ్చేసరికి సరుకు తీసేయించి, చెవుల మీద గొట్టంతో గాలి కొట్టిస్తున్నారు సన్యాసిరావు గారు. వేడిగా ఉన్న ఉక్కు విరగదు కాబట్టి చల్లారేదాకా పక్కనే కాపలా నిలబడ్డారు.

"ఎవరు చెప్పారు ఆపమని?" అని అరిచాడు యజమాని.

"నేనే పెట్టినాను, నేనే తీస్తన్నాను."

"ఆర్డరు?"

"అది మీరు సూసుకోండి."

చెవులు చల్లారాక చెయ్యి పెట్టి చూసి, పెద్ద సుత్తి అందుకున్నారు. నాలుగు చెవులూ వరసగా కొట్టారు. నాలుగూ మంచు గడ్డల్లా పగిలాయి. ఒక ముక్క వెళ్ళి యజమాని బూటు ముందు పడింది. అతను దాన్ని చూశాడు, పగిలిన ముఖం చూశాడు, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ నెలాఖరుకి సన్యాసిరావు గారు కార్ఖానా వదిలేశారు. పొమ్మన్నారో, ఆయనే వెళ్ళారో నేను అడగలేదు. విజయనగరం రైలెక్కించడానికి స్టేషనుకి వెళ్తే, ప్లాట్‌ఫారం మీద కూడా అటూ ఇటూ నడుస్తూనే కొత్త చెవుల గురించి మాట్లాడారు. మళ్ళీ పాత రకమే పెట్టమన్నారు, మందం పెంచి, సాగడం కనబడగానే మార్చేలా. "సాగే ఉక్కు ముందుగానే సెబుతాదమ్మా. సెప్పని దాన్ని మనుషుల మీద వేలాడదీయకు." ఇది నేను అందరికీ చెప్పే మాట. నాది కాదు, ఆయనది.

లచ్చయ్యకి కృత్రిమ కాలు అమర్చారు. మళ్ళీ కార్ఖానా మొహం చూడనన్నాడు. దోర్నపాల్ రోడ్డు మీద సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు బాగుచేసుకుంటున్నాడు. ఆ దారిన వెళ్తే ఆగుతాను. ఉక్కు సంగతి ఎత్తడు. పిల్లల సంగతులు చెబుతాడు.

మీకు చెప్పేది

ఉక్కు అమ్మేవాళ్ళ పట్టికలో ఉండే డిగ్రీల అంకె, పొర ఊడకుండా ఎంత వేడిని ఓర్చుకుంటుందో మాత్రమే చెబుతుంది. ఆ వేడిలో ఎంత బరువు మోస్తుందో చెప్పదు. ఏడాది తర్వాత ఎలా మారుతుందో చెప్పదు. గంధకం ఉన్న పొగలో నికెల్ ఎక్కువున్న ఉక్కు ఏమైపోతుందో చెప్పదు. చల్లారాక సంగతి అసలే చెప్పదు. పైరకం అంటే అన్నిచోట్లా మంచిదని కాదు. ఏ వేడిలో, ఎంతకాలం, ఎన్నిసార్లు చల్లారుతుంది, కింద ఎవరుంటారు? ఈ నాలుగూ అడగకుండా ఉక్కు పేరు చెప్పకండి.

పోయిన వారం ఒక చిన్న కార్ఖానా చూడ్డానికి పిలిస్తే వెళ్ళాను. అక్కడ కొలిములు చూసే కుర్రాడు మధు, కోరాపుట్‌లో పెరిగిన తెలుగువాడు. మెత్తబరిచే కొలిమిలో వేలాడే బుట్టల్ని గర్వంగా చూపించాడు. "అన్నీ తీన్‌సౌ దస్సే మేడం, బెస్ట్ క్వాలిటీ." ఎన్నాళ్ళయిందని అడిగాను. రెండేళ్ళన్నాడు. సుత్తి తెప్పించమన్నాను. ఇప్పుడు కొలిమి నడుస్తోంది, ఆపితే మేనేజరు ఊరుకోడన్నాడు. జరిగిందంతా చెప్పాను. మర్యాదగా విన్నాడు. నమ్మాడో లేదో మొహం చూస్తే తెలియలేదు.

ఇంటికొచ్చాక కుదురు లేదు. రోజూ ఫోన్ చెయ్యబోయి మానేశాను. ముసలామె పోరు పెడుతోందనుకుంటాడేమోనని.

నిన్న మధ్యాహ్నం అతనే ఫోన్ చేశాడు.

"మేడం, విరిగిపోయింది."

గోడ పట్టుకున్నాను. "కింద ఎవరున్నారు?"

"ఎవరూ లేరు మేడం. కరెంటు పోయి కొలిమి చల్లారింది. అందర్నీ బయటికి పంపించేసి నేనే సుత్తితో కొట్టి చూశాను. ఒక్క దెబ్బకే. మీరు చెప్పినట్టే, పటికబెల్లంలాగా."

అటువైపు అతని ఊపిరి వినబడుతోంది.

"ఇంకెన్ని బుట్టలున్నాయి మధూ?"

"మూడు మేడం. మేనేజరు సాయంత్రం కరెంటు రాగానే మొదలుపెట్టమంటున్నాడు."

"ముందు ఆ మూడూ కొట్టు," అన్నాను. "తర్వాత ఫోన్ ఆయనకివ్వు. నేను మాట్లాడతాను."